డూమ్‌ని మూయకండి: చెమ్మ పట్టిన లారీ లైట్లకి కొన్ని తలకిందుల సలహాలు

శ్రావణమాసం, తెల్లవారి ఐదున్నర. తణుకు దగ్గర హైవే పక్కన నా షాపు షట్టరు సగం ఎత్తేసరికే ఒక లారీ వచ్చి ఆగింది. ఆకివీడు నుంచి కలకత్తాకి చేపలు వేసుకెళ్లి ఖాళీగా తిరిగొస్తున్న బండి. నడిపే తమ్ముడు నాకు నాలుగైదేళ్లుగా తెలుసు. దిగుతూనే, "మేస్త్రిగారూ, ఇంకో సిలికాన్ ట్యూబు కొట్టేయండి. ఎడమ డూమ్‌లో మళ్లీ నీళ్లు దిగాయి" అన్నాడు.

డూమ్ అంటే హెడ్‌లైటు బల్బు కూర్చునే గూడు. దగ్గరికెళ్లి చూశాను. అద్దం లోపల పైనుంచి కిందిదాకా ఆవాలు చల్లినట్టు నీటి బొట్లు. అడుగున చెంచాడు నీళ్లు చేరి, క్యాబిన్ తలుపు వేసిన ఊపుకి అటూ ఇటూ కదులుతున్నాయి. అద్దం అంచు చుట్టూ వేలు మందాన తెల్ల సిలికాన్, దాని మీద నల్ల సిలికాన్, ఆ పైన ఎపాక్సీ ముద్ద. మూడు నెలల్లో మూడు ఊళ్లలో మూడుసార్లు మూశారు. మూసినకొద్దీ చెమ్మ పెరిగింది.

"మూయడం అయిపోయింది తమ్ముడూ, ఇవాళ తెరుద్దాం" అన్నాను. అతనికి నా మాట నచ్చలేదు. నీళ్లు వస్తున్న చోట ఇంకా తెరవడమేమిటి అన్నాడు. వానాకాలం వచ్చిందంటే నెలకి పది బండ్లయినా ఇదే బాధతో వస్తాయి, అందరూ ఇదే మాట అంటారు. అందుకే రాస్తున్నాను. నేను చెప్పేవి వినగానే తప్పుగానే తోస్తాయి. ఓపిగ్గా చివరిదాకా చదవమని మాత్రం అడుగుతున్నాను, ఎందుకంటే రాత్రిపూట ఎదురుగా వచ్చే వాళ్ల ప్రాణం కూడా ఈ డూమ్‌తోనే ముడిపడి ఉంది.

ఎల్‌ఈడీలు రాకముందు, హాలోజెన్ బల్బులున్నన్నాళ్లూ ఈ గొడవ ఇంతగా లేదు. డూములు అప్పుడేమీ నీళ్లు చొరనంత గట్టివి కావు. చెమ్మ వచ్చేది, పోయేది. దాన్ని పంపించేది బల్బే. లారీల్లో వేసే 24 వోల్టుల హెచ్4 బల్బు ఫుల్ లైటుకి 75 వాట్లు, డిమ్ముకి 70 వాట్లు తీసుకుంటుంది. అందులో వెలుగుగా మారేది నూటికి పది పాళ్లు కూడా ఉండదు, మిగతాదంతా వేడే. ఆ వేడి వెలుగుతో పాటే ముందుకి కొట్టి అద్దాన్ని వెచ్చబెట్టేది. సాయంత్రం పట్టిన చెమ్మ బండి అరగంట నడిచేసరికి ఆవిరై డూమ్ వెనకున్న గాలి గొట్టాల్లోంచి వెళ్లిపోయేది. బల్బు రెండు పనులు చేస్తోందని మనం ఏనాడూ గమనించలేదు.

ఎల్‌ఈడీ వేశాక రెండో పని ఆగిపోయింది. ఎల్‌ఈడీ అసలు వేడెక్కదని కొందరంటారు. పది నిమిషాలు వెలిగించి బల్బు వెనక రెక్కల మీద వేలు పెట్టండి, చురుక్కుమంటుంది. వేడి ఉంది, కానీ దారి మారింది. చిప్పులో పుట్టిన వేడి అల్యూమినియం రెక్కల్లోకి పాకి, చివరున్న బుల్లి ఫ్యాను మీదుగా డూమ్ వెనక్కి పోతుంది. ముందున్న అద్దం మాత్రం బయటి గాలంత చల్లగా ఉంటుంది. కంపెనీలోనే ఎల్‌ఈడీతో తయారయ్యే కొన్ని హెడ్‌లైట్లలో ఆ వెనకటి వేడిని ఫ్యానుతో అద్దం వైపు మళ్లించే ఏర్పాటు ఉంటుంది. అమెరికా, కెనడాల్లో మంచులో తిరిగే లారీలకి అద్దాన్ని వెచ్చబెట్టే ఎల్‌ఈడీ లైట్లే ప్రత్యేకంగా అమ్ముతారు. హాలోజెన్ కోసం చేసిన డూమ్‌లో మనం బజారులో కొన్న ఎల్‌ఈడీ బల్బు దూర్చినప్పుడు ఇవేవీ ఉండవు.

ఇక రెండో సంగతి. డూమ్ ఊపిరి తీస్తుంది. మాటవరసకి అంటున్నది కాదు, లెక్క ఉంది. ఐదు లీటర్ల గాలి పట్టే డూమ్ అనుకోండి. ఇంజను వేడి, ఎండ వేడి, బల్బు వేడి కలిసి లోపలి గాలి 30 డిగ్రీల నుంచి 60కి చేరితే ఆ గాలి పదోవంతు ఉబ్బుతుంది. అంటే అర లీటరు గాలి బయటికి పోయి తీరాలి. చల్లబడినప్పుడు ఆ అర లీటరు మళ్లీ లోపలికి వచ్చి తీరాలి. టీ కోసం ఆపినా, వానలో చిక్కినా, సర్వీసింగ్ పంపు కింద పెట్టినా ఇదే జరుగుతుంది. తయారుచేసిన వాళ్లకి ఇది తెలుసు కాబట్టే డూమ్ వెనక రెండు చోట్ల గాలి దారులు పెట్టారు. పాత బండ్లలో అవి మోచెయ్యిలా వంగిన రబ్బరు గొట్టాలు. కొత్త వాటిలో కొన్నింటికి రూపాయి బిళ్ల కన్నా చిన్నదైన తెల్లటి పొర అంటించి ఉంటుంది. అది ఆవిరిని పోనిస్తుంది, నీటి చుక్కని రానివ్వదు.

ఇప్పుడు ఆ దారులన్నీ మూసేశారనుకోండి. డూమ్ ఊపిరి పీల్చడం మానదు, ఇంకో చోటు వెతుక్కుంటుంది. అద్దం అతుకులో ఎక్కడ పలచగా ఉంటే అక్కడ, హోల్డరు పక్కన, వైరు దూరే సందులో. గాలి దారి అంటే వెనకాల, నీడపట్టున, మూతి కిందికి తిప్పి పెట్టిన చోటు. అతుకు అంటే వాననీళ్లు కారే చోటు. గాలి పీల్చాల్సిన డూమ్ అప్పుడు నీళ్లే పీలుస్తుంది. లోపలికి పోయిన నీళ్లకి బయటికి దారి ఉండదు. ఆకివీడు బండికి మూడు నెలలుగా జరిగినదాంట్లో ఇదొక సగం.

కాబట్టి మొదటి సలహా: సిలికాన్ ట్యూబు పక్కన పెట్టి, డూమ్ వెనకకి చెయ్యి పోనిచ్చి గాలి గొట్టాలు వెతకండి. ఆ రోజు నేను ముందు చేసింది అదే. కింది గొట్టం నిండా ఎర్రమట్టి గట్టిపడి ఉంది. మట్టిగూడు కట్టే కందిరీగకి ఆ గొట్టం సరిగ్గా సరిపోతుంది, లోపల గుడ్లు పెట్టి మూతి మెత్తేసి పోతుంది. పై గొట్టాన్ని సిలికాన్ మూసేసింది. రెండూ ఊడదీసి, సబ్బు నీళ్లలో నానబెట్టి, మెత్తటి తీగతో కెలికి, నోటితో ఊది చూసి మళ్లీ తొడిగాను. పెయింటింగ్ పని చేయించుకున్న బండ్లలో ఈ గొట్టాల మీద రంగు పేరుకుని ఉండటం కూడా మామూలే. పెయింటరు ముందే టేపు వేసి, తరవాత టేపు తీయడం మరిచిపోయిన బండి కూడా నా దగ్గరికి వచ్చింది.

గొట్టాలు శుభ్రంగా ఉండీ చెమ్మ పడుతుంటే అది ఎలాంటి చెమ్మో చూడాలి. ఇక్కడ తొందరపడకండి. పొగలా పలచటి పొర, అద్దం మధ్యలోనో ఒక మూలనో కనిపించి, కాసేపటికి పోతుందా? దాన్ని వదిలేయండి. 30 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి సుమారు 30 గ్రాముల ఆవిరిని మోయగలదు, 20 డిగ్రీల దగ్గర 17 గ్రాములే మోయగలదు. మన ఐదు లీటర్ల డూమ్‌కి ఈ తేడా ఒకటీ ఒకటిన్నర చుక్క నీళ్లు. ఆ ఒక్క చుక్కే అద్దమంతా పరుచుకుంటే చూసేవాళ్లకి గుండె జారుతుంది. ఒక్క చుక్క కోసం డూమ్‌ని పాడుచేసుకోకండి. బొట్లు బొట్లుగా పట్టి కిందికి కారుతూ, అడుగున నీళ్లు నిలిస్తే మాత్రం అది దొంగదారిన వచ్చిన నీరు, దాని దారి వెతకాల్సిందే.

ఎల్‌ఈడీ వేసిన బండిలో ఆ దారి పదింట తొమ్మిదిసార్లు ఒకేచోట ఉంటుంది. ఈ మాట నా షాపు అనుభవంతో చెబుతున్నాను. అది బల్బు వెనక రబ్బరు బూటు.

బూటంటే తెలియని వాళ్ల కోసం చెబుతాను. హాలోజెన్ బల్బు తగిలించి, స్ప్రింగు క్లిప్పు వేశాక దాని మీద టోపీలా తొడిగే నల్ల రబ్బరు ముక్క. మధ్యలో మూడు కాళ్ల బల్బుకి సరిపడే కన్నం ఉంటుంది, అంచుల్లో మెట్లుంటాయి. నీళ్లు, దుమ్ము రాకుండా కాపలా కాసేది అదే. ఎల్‌ఈడీ బల్బుకి వెనక రెక్కలూ ఫ్యానూ ఉంటాయి కదా, హాలోజెన్ కన్నా పొడుగు, లావు. బూటు పట్టదు. అప్పుడేం చేస్తారు? కట్టరుతో బూటు మధ్యలో ఇంత కన్నం కోసేస్తారు. లేకపోతే అసలు తొడగరు. ఆ రోజు కూడా "బూటు ఏది?" అని అడిగితే క్లీనరు కుర్రాడు డ్రైవరు సీటు కింద టూల్‌బాక్సు తీశాడు. జాకీ లివరు, చిరిగిన తాడు, అగరబత్తీ పెట్టె అడుగు నుంచి రెండు బూట్లూ బయటికొచ్చాయి. దుమ్ము కొట్టుకుని ఉన్నాయి గానీ రబ్బరు ఇంకా మెత్తగానే ఉంది. "పట్టలేదు సార్, పారేయడం ఎందుకని దాచాం" అన్నాడు. మంచి పని చేశావురా అన్నాను. వెనక గుప్పెడంత కన్నం తెరిచిపెట్టి, ముందు అద్దం అంచుకి మూడు వరసలు సిలికాన్ కొట్టించారన్నమాట. టైరు ఎగజిమ్మే నీళ్లు నేరుగా వెనకనుంచి లోపలికి పోతున్నాయి.

డూమ్‌ని మూయకండి అంటూనే బూటు తొడగమంటున్నానేమిటి అనొచ్చు. గాలి దారి వేరు, కన్నం వేరు. ఇంట్లో కిటికీ తెరిచిపెట్టుకుంటాం కదా అని పైకప్పు పెంకులు తీసేసుకోం.

బూటు పట్టనప్పుడు పాల ప్యాకెట్టు కవరు చుట్టి రబ్బరు బ్యాండు వేయమని ఒక సలహా లారీ స్టాండుల్లో తిరుగుతోంది. దయచేసి వినకండి. బల్బు ఫ్యాను ఆ కవరులో తాను వదిలిన వేడి గాలినే మళ్లీ మళ్లీ తిప్పుకుంటుంది. మంచి బల్బయితే తనను తాను కాపాడుకోవడానికి వెలుగు తగ్గించుకుంటుంది. చవక బల్బయితే నెలా రెండు నెలల్లో మిణుకు మిణుకుమని ఆరిపోతుంది. కవరులో చేరిన నీళ్లు బల్బు కాళ్ల దగ్గరే నిలిచి పచ్చటి చిలుము పట్టిస్తాయి. ఆ చిలుము పట్టిన హోల్డర్లు నా బల్ల సొరుగులో డజను దాకా ఉన్నాయి.

ఎల్‌ఈడీయే కావాలనుకుంటే కొనక్కముందే బూటు చేతిలో పట్టుకుని దుకాణానికి వెళ్లండి. ప్యాంటు కొనేటప్పుడు నడుము కొలుచుకోమా? బల్బు వెనక భాగం ఎంత పొడుగో, ఎంత లావో బూటుతో సరిచూడండి. ఫ్యాను లేకుండా పొట్టిగా ఉండేవి, బల్బుకి కరెంటు సర్దే డ్రైవరు పెట్టె వైరుతో విడిగా వేలాడేవి దొరుకుతాయి. ఆ విడి పెట్టెను డూమ్ బయట కట్టుకోవచ్చు. బూటు ఇంకా పట్టకపోతే లోతైన రబ్బరు మూతలు అమ్ముతారు, డూమ్ వెనక మూతి వ్యాసం కొలిచి తెచ్చుకోండి. వైరు బయటికి రావడానికి కన్నం వేయాల్సి వస్తే మూత కింది వైపున, వైరు మందానికి సరిపడా మాత్రమే వేసి, గ్రోమెట్ అనే రబ్బరు రింగు తొడగండి. ఆ వైరుని కాస్త కిందికి వంచి, మళ్లీ పైకి తిప్పి మూతలోకి పోనివ్వండి. ఇళ్లకి కరెంటు స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు గోడలోకి దూరేముందు వంపు తిప్పుతారు చూడండి, అదే. వైరు వెంట జారిన నీటి చుక్క ఆ వంపు దగ్గర రాలిపోతుంది. ఈ వంపుకి పైసా ఖర్చు లేదు. వంద బండ్లు చూస్తే పదింటికి కూడా ఉండదు, నాకు బాధ కలిగించేది ఇదే.

ఇప్పుడు సిలికాన్ సంగతి. అతుకు నిజంగా విడిపోయి ఉంటే, అది కూడా కంటితో చూసి నిర్ధారించుకున్నాకే, సిలికాన్ వాడొచ్చు. కానీ మూత తీయగానే వెనిగర్ వాసన గుప్పుమనే ట్యూబు ఉంటుంది, అది వద్దు. ఆరేటప్పుడు అది వదిలేది ఎసిటిక్ ఆమ్లం, మనం వెనిగర్ అనేదే. మూసిన డూమ్‌లో ఆ ఆవిరి బయటికి పోలేక రిఫ్లెక్టరు మెరుపునీ, హోల్డరు రాగి కాళ్లనీ తింటుంది. న్యూట్రల్ అని రాసి ఉన్న రకం అడిగి తెచ్చుకోండి. పాత సిలికాన్ మీద కొత్తది ఎన్నడూ పట్టదు, పాతది పూర్తిగా గీకేయాలి. కంపెనీ డూముల్లో చాలావాటికి అసలు సిలికానే ఉండదు, బ్యూటైల్ అనే నల్లటి జిగురు ఉంటుంది. వేడి తగిలితే మెత్తబడుతుంది, చల్లారితే పట్టుకుంటుంది. దాన్నే కాస్త వెచ్చబెట్టి అద్దాన్ని మళ్లీ నొక్కితే సగం డూములు బాగుపడతాయి.

అతుకు విడిపోయిందో లేదో చూసే పద్ధతి పంక్చరు షాపులో అందరూ చూసిందే. డూమ్ ఊడదీసి, బూటు తొడిగి, ఒక గాలి గొట్టం వేలితో మూసి, రెండో గొట్టంలోంచి నోటితో మెల్లగా ఊదండి. అతుకు చుట్టూ సబ్బు నురగ రాసి ఉంచితే ఎక్కడ బుడగ లేస్తుందో అక్కడే లీకు. పొర అంటించిన కొత్త డూములకి ఇది పనికిరాదు. కంప్రెసరు గాలి మాత్రం ఎవరు చెప్పినా పెట్టొద్దు. బాగున్న అతుకు కూడా విడిపోతుంది.

ఉప్పు మూట గురించి కూడా చెప్పాలి. డూమ్‌లో చిన్న గుడ్డలో రాళ్ల ఉప్పు కట్టి పెడితే చెమ్మ లాగేస్తుందని పెద్దవాళ్లే చెబుతుంటారు. ఉప్పు చెమ్మ లాగుతుంది, నిజమే. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు కరిగి నీరైపోతుంది, అదీ నిజమే. గోదావరి జిల్లాల్లో వానాకాలం రాత్రుల్లో తేమ ఆ గీత దాటుతూనే ఉంటుంది. వంటింట్లో ఉప్పు జాడీ ఏమవుతుందో మనకి తెలియదా? డూమ్‌లో ఆ ఉప్పునీరు చుక్క చుక్కగా రిఫ్లెక్టరు మీద కారుతుంది. సముద్రపు నీళ్లు తీసుకెళ్లి లైటులో పోసుకున్నట్టే. ఒక రొయ్యల బండి రిఫ్లెక్టరు ఇలాగే అడుగు భాగమంతా ఉల్లిపొర లేచినట్టు లేచిపోయి నా దగ్గరికి వచ్చింది. దాన్ని బాగుచేసే విద్య నా దగ్గర లేదు, డూమ్ మార్చాల్సి వచ్చింది.

బియ్యం పొట్లానిదీ అంతే, పైగా బూజు, పురుగు. కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ ప్యాకెట్లు వీటికన్నా నయం, కానీ వాటి మీద ఆశ పెట్టుకోకండి. ఆ గింజలు తమ బరువులో మూడోవంతు చుట్టుపక్కల నీళ్లు పీల్చి నిండిపోతాయి. ఐదు గ్రాముల ప్యాకెట్టు అంటే ఒకటిన్నర గ్రాము నీళ్లు. డూమ్ రోజూ ఊపిరి తీస్తూ కొత్త చెమ్మ తెచ్చుకుంటుంటే అది ఎన్నాళ్లు ఆగుతుంది? గతుకుల్లో ప్యాకెట్టు చిరిగి గింజలు రిఫ్లెక్టరు మీద గోళీల్లా దొర్లుతుంటే గీతలు పడటం ఒకటి. ఆరబెట్టేటప్పుడు ఒక రాత్రి పెట్టి, బండి కదిలేముందు తీసేస్తానంటే నాకు అభ్యంతరం లేదు.

అడుగున డ్రిల్లుతో కన్నం వేస్తే నీళ్లు కారిపోతాయనే వాళ్లకి ఒక్కటే మాట. నీళ్లు కారిపోతాయి, దుమ్ము వచ్చి చేరుతుంది. నీళ్లు ఎండుతాయి, దుమ్ము ఎండదు.

లోపలి తుడుపు గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్పుకోవాలి. పని నేర్చుకునే రోజుల్లో బెజవాడ ఆటోనగర్‌లో మా మేస్త్రి దగ్గర ఉండేవాణ్ణి. ఒక డూమ్ ఆరబెట్టమని ఆయన నాకు అప్పగించి బయటికి వెళ్లారు. ఆరేదాకా ఆగడమెందుకని వేస్టు బనీను గుడ్డకి కాస్త పెట్రోలు అద్ది, బల్బు కన్నంలోంచి వేళ్లు దూర్చి రిఫ్లెక్టరు తళతళలాడేలా తుడవబోయాను. రెండు తుడుపులకే అద్దంలాంటి మెరుపు గుడ్డకి వచ్చేసింది, వెనక బూడిదరంగు ప్లాస్టిక్కు కనిపించింది. ఆ మెరుపు శూన్యంలో ఆవిరిగా పట్టించిన అల్యూమినియం పొర. తల వెంట్రుక మందంలో వందోవంతు కూడా ఉండదు. మేస్త్రి వచ్చి చూసి నన్ను ఒక్క మాట అనలేదు. తన జేబులోంచి డబ్బు తీసి కొత్త డూమ్ తెప్పించి వేశారు. ఆ రోజు నుంచి ఇవాళ్టిదాకా నేను రిఫ్లెక్టరుని వేలితో తాకలేదు, నా దగ్గర పని నేర్చుకునే పిల్లల్ని తాకనివ్వలేదు. మీరూ తాకకండి. నీళ్ల మరక ఉన్నా సరే, దాన్ని అలాగే ఉండనివ్వండి. మరక ఉన్న రిఫ్లెక్టరు వెలుగునిస్తుంది, తుడిచిన రిఫ్లెక్టరు ఇవ్వదు. ముందు అద్దం కూడా ఇప్పుడు చాలా బండ్లలో గాజు కాదు, పాలీకార్బొనేట్. థిన్నరు, పెట్రోలు తగిలితే దారాల్లాంటి పగుళ్లు వస్తాయి. పెయింటు ఊడదీసే హీట్ గన్ పెడితే మెత్తబడి రూపమే మారిపోతుంది.

మరి ఆరబెట్టడం ఎలా? బద్ధకంగా, అంతే. డూమ్ ఊడదీసి, బల్బులు, బూట్లు, గొట్టాలు అన్నీ తీసేసి, కన్నాలు కిందికి వచ్చేలా అరగంట బోర్లించండి, నిలిచిన నీళ్లు కారిపోతాయి. తరవాత ఎండలో, కన్నాలు పక్కకి తిప్పి, మూడు నాలుగు గంటలు. ఎండ లేని రోజున జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరుని తక్కువ వేడి మీద, జానెడు దూరం నుంచి. ప్లాస్టిక్కూ రబ్బరూ కూడా కాస్త చెమ్మ పీల్చుకుని ఉంటాయి, అది వదలడానికి సమయం పడుతుంది. అందుకే పైకి ఆరినట్టు కనిపించగానే మూయొద్దు. వాన తెరిపిచ్చిన రోజు, మిట్టమధ్యాహ్నం, డూమ్ చేతికి వెచ్చగా తగులుతున్నప్పుడు బిగించండి. నా షాపులో ఈ పని పన్నెండుకీ రెండుకీ మధ్యే చేస్తాను. తొందరలో ఉన్న వాళ్లకి కోపం వస్తుంది. అయినా సాయంత్రం ముసురులో మూసి ఇవ్వను.

వాటర్ సర్వీసింగ్ కూడా బండి దిగగానే చేయించుకోవద్దు. వేడిగా ఉన్న డూమ్ మీద చల్లటి నీళ్లు పంపుతో కొడితే లోపలి గాలి ఒక్కసారి ముడుచుకుని, అతుకు దగ్గరున్న నీళ్లని లోపలికి లాక్కుంటుంది. లైట్లు ఆర్పి అరగంట ఆగి కడిగించండి. నాజిల్‌ని అద్దం అంచుకి సూటిగా పెట్టొద్దని కుర్రాడికి చెప్పండి. చేపల బండ్లూ రొయ్యల బండ్లూ ప్రతి ట్రిప్పుకీ కడగక తప్పదు కాబట్టి ఈ మాట వాళ్లకి మరీ ముఖ్యం.

చివరి సలహా అన్నిటికన్నా తలకిందులుది. అమ్మకానికి ఎల్‌ఈడీ బల్బులు పెట్టుకున్న నేనే చెబుతున్నాను: హాలోజెన్ డూమ్‌లో చెమ్మ ఆగకపోతే ఎల్‌ఈడీ తీసేసి హాలోజెన్ వేయించుకోండి. నల్ల బురద రోడ్డు మీద, వానలో, ఎల్‌ఈడీ తెల్ల వెలుగు మీకెంత కనిపిస్తోందో నాకు తెలుసు. ఎదుటివాడికి ఎలా కనిపిస్తోందో కూడా ఒకసారి బండి దిగి, ముందుకి నడిచి చూడండి. హాలోజెన్ తీగ ఉండాల్సిన చోట తీగలా కాకుండా రెండు పక్కలా చిప్పులు ఉండటం వల్ల ఆ డూమ్ వెలుగుని సరిగా మలచలేదు. దానికి తోడు అద్దం లోపల వందల నీటి బొట్లు. ఒక్కో బొట్టూ వెలుగుని తలో దిక్కుకీ విరజిమ్ముతుంది. డిప్పరు కొట్టినా డిమ్ము డిమ్ముగా ఉండదు. లారీ లైటు ఎత్తు దాదాపు కారు నడిపేవాడి కంటి ఎత్తు. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వ నిబంధన లైటుకి 8 మీటర్ల దూరంలో, 1.5 మీటర్ల ఎత్తులో ఉన్న కంటికి మిరుమిట్లు కలగకూడదంటుంది. 1988 చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన బండికి ఇష్టం వచ్చినట్టు మార్పులు చేయొద్దంటుంది. వెనకటికి లారీ లైట్ల పైభాగానికి నల్ల రంగు పూసేవారు, గుర్తుందా? ఎదుటివాడి కళ్ల గురించి ఆ మాత్రం ఆలోచన అప్పటి వాళ్లకి ఉండేది.

"హాలోజెన్ వెలుగు చాలడం లేదనే కదా మార్చాను" అన్నాడు ఆకివీడు తమ్ముడు. నిజమే, చాలలేదు. ఎందుకు చాలలేదో మీటరు పెట్టి చూపించాను. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 28 వోల్టులు. హోల్డరు కాళ్ల దగ్గర 25. మధ్యలో మూడు వోల్టులు స్విచ్చీ, సన్నటి పాత వైరూ, తుప్పు పట్టిన ఎర్తు బోల్టూ తినేస్తున్నాయి. హాలోజెన్ బల్బుకి వోల్టేజీ నూటికి పది తగ్గితే వెలుగు నూటికి ముప్పై తగ్గుతుంది. బల్బు తప్పేమీ లేదు, దానికి అన్నం పెట్టలేదు అంతే. రెండు రిలేలు, ఫ్యూజు, మందపాటి వైరు, ఎర్తు చోట రంగు గీకి కొత్త బోల్టు. మళ్లీ మీటరు పెడితే 27.4 చూపించింది. కొత్త హెచ్4 బల్బులు తగిలించి, టూల్‌బాక్సులోంచి వచ్చిన బూట్లు సబ్బుతో కడిగి తొడిగాను. మెట్టు మెట్టుగా కూర్చున్నాయి.

అప్పటికి ఒంటిగంటన్నర అయింది. సాయంత్రం చీకటి పడేదాకా ఉండమన్నాను. ఏడింటికి బండిని షాపు వెనక గోడకి ఎదురుగా, ఎనిమిది అంగల దూరంలో నిలిపి డిమ్ము వేయించాను. గోడ మీద వెలుగు గీత తిన్నగా పడింది, దాని పైన చీకటి. తమ్ముడు వెళ్లి ఆ గీతకి ఎదురుగా గోడకి ఆనుకుని నిలబడ్డాడు, తన లైటు వైపు తనే చూస్తూ. కళ్లు చికిలించలేదు. "కుడిది కూడా విప్పండి మేస్త్రిగారూ, దాని గొట్టం కూడా చూద్దాం" అన్నాడు. రేపు మధ్యాహ్నం పన్నెండుకి రమ్మన్నాను.